సైకాలజీ పోస్ట్‌డాక్ రెండేళ్లు: గోదావరి లంకల్లో పరిశోధన చేయాలనుకునేవారికి సమగ్ర మార్గదర్శి

సైకాలజీలో పీహెచ్‌డీ పూర్తయ్యాక, పర్మినెంట్ ఉద్యోగం రాకముందు, ఏదో ఒక యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్‌లో ఒకటి నుంచి మూడేళ్లు పూర్తికాలం పరిశోధన చేసే పనిని పోస్ట్‌డాక్ అంటాం. పోస్ట్‌డాక్ అంటే స్కాలరూ కాదు, ఫ్యాకల్టీ కూడా కాదు. జీతం ఫెలోషిప్ నుంచో ప్రాజెక్టు నుంచో వస్తుంది, గడువు తీరగానే ఆగిపోతుంది. మన ఉభయ గోదావరి జిల్లాల నుంచి పీహెచ్‌డీ దాకా వచ్చిన పిల్లలకు ఈ దశ గురించి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ప్రశ్న ఎంచుకోవడం దగ్గర్నుంచి చివరి నెలలో సర్దుకోవాల్సిన కాగితాల దాకా వరసగా రాస్తున్నాను. ఉదాహరణలన్నీ డెల్టావే. పద్ధతి మాత్రం ఎక్కడైనా ఒకటే.

నా అభిప్రాయం ముందే చెప్తాను. రెండేళ్ల తర్వాత మీ దగ్గర రెండు ఉండాలి. మీ పేరు చెప్పగానే గుర్తొచ్చే ఒక ప్రశ్న ఒకటి. దానికి మీరు దగ్గరుండి సేకరించిన, ఎవరు గుచ్చి గుచ్చి చూసినా నిలబడే డేటా రెండోది. కింద చెప్పే ప్రతి అడుగూ ఆ రెండింటి కోసమే.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. పోస్ట్‌డాక్ చేసినంత మాత్రాన చికిత్స చేసే అర్హత రాదు. క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఊళ్లో అందరూ "డాక్టరు గారండీ" అంటుంటే ఈ తేడా చెప్పే బాధ్యత మీదే.

మొదటి అడుగు: ప్రశ్నను ఇరుకు చేయడం

"వరదలు, మానసిక ఆరోగ్యం" అనేది అంశం. దాన్ని ప్రశ్నగా మార్చేదాకా మెంటర్‌కి, అంటే మీ పనిని పర్యవేక్షించబోయే ప్రొఫెసర్‌కి, ఉత్తరం రాయకండి.

ఎలా మార్చాలో చూద్దాం. ధవళేశ్వరం దగ్గర గోదావరి 10 లక్షల క్యూసెక్కులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జూలైలో ప్రవాహం 25 లక్షలు దాటింది. లంక గ్రామాల్లో (నదీపాయల మధ్య ఉన్న ఊళ్లలో) చాలామంది ఇళ్లు వదిలి ఏటిగట్టు మీదికీ, పునరావాస కేంద్రాలకూ వచ్చారు. ఇప్పుడు ఆలోచించండి. ఆ వరదలో ఇల్లు మునిగిన తల్లికి, ఆ తర్వాతి ఏళ్లలో మొదటి హెచ్చరిక వినగానే ఆందోళన ఎంత పెరుగుతుంది? అదే లంకలో మెరక మీద ఉండి ఇల్లు మునగని తల్లికి ఎంత? ముందే సామాన్లు సర్దుకుని వెళ్లిన అనుభవం ఆ ఆందోళనను తగ్గిస్తుందా, పెంచుతుందా? ఇది ప్రశ్న. ఎవరిని అడగాలో, ఎప్పుడు అడగాలో, దేనితో దేన్ని పోల్చాలో ఇందులోనే ఉంది. వరద కాలానికి ముందు ఒకసారి కొలిచి, హెచ్చరిక వచ్చిన వారంలో మళ్లీ కొలవవచ్చు. ఇలాంటి అవకాశం ఏ ల్యాబ్‌లోనూ దొరకదు.

డెల్టాలో ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. కోనసీమ, నరసాపురం, పాలకొల్లు వైపు నుంచి తల్లి కువైట్‌కో మస్కట్‌కో పనికి వెళ్తే అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలున్నారు. రొయ్యల చెరువు ఒక పంట వైరస్‌కి పోతే అప్పుతో మిగిలే కౌలు రైతు ఉన్నాడు. పిల్లలంతా హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండగా పెంకుటింట్లో ఇద్దరే మిగిలిన ముసలి దంపతులున్నారు. ప్రపంచ సైకాలజీ పరిశోధనలో అధిక భాగం ధనిక పాశ్చాత్య దేశాల వాళ్ల మీదే, అందులోనూ ఎక్కువగా కాలేజీ విద్యార్థుల మీదే జరిగిందని 2010లో హెన్రిక్, హైన్, నోరెంజయన్ అనే పరిశోధకులు గట్టిగా చెప్పారు. ఆ కొరత తీర్చగలిగినవాళ్లలో లంక ఊరి భాష, మర్యాద, పంటలు తెలిసిన మీరు ముందుంటారు.

ప్రశ్న సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఒక పరీక్ష ఉంది: ఏ ఫలితం వస్తే మీ ఊహ తప్పని ఒప్పుకుంటారో ఒక్క వాక్యంలో రాయండి. రాయలేకపోతే ప్రశ్న ఇంకా వదులుగానే ఉన్నట్టు.

రెండో అడుగు: డిపార్ట్‌మెంట్, మెంటర్

విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ, పారాసైకాలజీ విభాగం ఉంది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ, హైదరాబాద్‌లో ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని హెల్త్ సైకాలజీ కేంద్రం, ఇవన్నీ చూడాల్సినవే. రాజమహేంద్రవరంలో 2006లో మొదలైన ఆదికవి నన్నయ యూనివర్సిటీ ఫీల్డ్‌కి దగ్గర. అక్కడి విద్యార్థుల్లో ఎక్కువమంది డెల్టా ఊళ్ల వాళ్లే కాబట్టి ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలు అడిగే సర్వేయర్ల కోసం సంప్రదించవచ్చు. మానసిక ఆరోగ్యం మీద పనైతే ఒక సైకియాట్రిస్ట్‌ని సహ పరిశోధకుడిగా పెట్టుకోవడం తప్పనిసరి అంటాను. కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ లాంటి చోట్ల అడగండి.

మెంటర్‌ని ఎంచుకునేటప్పుడు పేరు చూసి పడిపోకండి. గత మూడేళ్లలో ఆయనో ఆవిడో రాసిన పేపర్లు చదవండి. వాటిలో జూనియర్లు మొదటి రచయితలుగా ఉన్నారా? అక్కడ పనిచేసి వెళ్లిన ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడండి. కాగితం మీద చెప్పనివి ఫోన్‌లో చెప్తారు.

మొదటి మెయిల్ ఒక పేజీ దాటకూడదు. మీ పీహెచ్‌డీలో ఏం తేలిందో మూడు వాక్యాలు. మీ కొత్త ప్రశ్న ఒక పేరా. వారి ఏ పనితో అది కలుస్తుందో ఒక పేరా. ఏ ఫెలోషిప్‌కి, ఏ తేదీలోపు అప్లై చేయాలనుకుంటున్నారో ఒక వాక్యం. రెండు వారాలు చూసి ఒకసారి గుర్తుచేయండి. రోజూ గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు పంపొద్దు.

చేరకముందే అడగాల్సినవి నాలుగున్నాయి. అడగడానికి మొహమాటపడితే తర్వాత రెండేళ్లూ బాధపడాలి. డేటా ఎవరిది, వెళ్లేటప్పుడు కాపీ తీసుకెళ్లవచ్చా? పేపర్లలో రచయితల వరస ఎలా నిర్ణయిస్తారు? వారానికి ఎన్ని గంటల క్లాసులు చెప్పాలి? ప్రసూతి సెలవు, అనారోగ్య సెలవు ఎలా ఇస్తారు? "సార్, మీకు వీలున్నప్పుడు ఈ నాలుగు విషయాలూ మాట్లాడుకుందామండి" అంటే ఎవరూ తప్పు పట్టరు. మాట్లాడుకున్నాక ఆ సాయంత్రమే "మనం అనుకున్నవి ఇవి సార్, ఏమైనా తప్పుంటే చెప్పండి" అని మెయిల్ పెట్టండి. గొడవొస్తుందని కాదు. ఏడాదిన్నర తర్వాత ఇద్దరికీ గుర్తుండదు.

మూడో అడుగు: డబ్బు

సామాజిక కోణం ఉన్న ప్రశ్నకు భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి (ఐసీఎస్‌ఎస్‌ఆర్) పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ మొదట చూడాలి. యూజీసీ 2022లో డాక్టర్ ఎస్. రాధాకృష్ణన్ పేరుతో పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ ప్రకటించింది. జ్ఞాపకశక్తి, అవధానం లాంటి ప్రయోగాత్మక పనికి కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం 2008లో మొదలుపెట్టిన కాగ్నిటివ్ సైన్స్ కార్యక్రమం ఉంది. ఇంతకుముందు సెర్బ్ (సైన్స్ అండ్ ఇంజినీరింగ్ రీసెర్చ్ బోర్డ్) ఇచ్చిన నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ ఇప్పుడు అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ కిందకు వచ్చింది. అది రెండేళ్లు, దానికి వయసు పరిమితి ఉంది. విదేశాలకైతే జర్మనీ హంబోల్ట్ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కి పీహెచ్‌డీ అయిన నాలుగేళ్లలోపు అప్లై చేయాలి, యూరప్ మేరీ క్యూరీకి పీహెచ్‌డీ తర్వాత ఎనిమిదేళ్లకు మించని పరిశోధనానుభవం ఉన్నవాళ్లు అప్లై చేయాలి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏడు నోటిఫికేషన్‌లో ఉన్నదే పట్టుకోండి.

మంజూరైన డబ్బు చేతికి రావడం వేరే సంగతి. మొదటి విడత ఆలస్యం కావడం మామూలే. రెండో విడతకు, మొదటి డబ్బు దేనికి ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ మీద ఫైనాన్స్ ఆఫీసర్ సంతకం కావాలి. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకుని చేరండి. పడవ చార్జీ, ఆటో, జిరాక్స్ దాకా ప్రతి బిల్లునూ ఆ రోజే ఫోటో తీసి పెట్టుకోండి. రేవులో పంటు మీద బిల్లు ఇవ్వరు కాబట్టి, రసీదు లేని ఖర్చుకు స్వయంగా సంతకం చేసిన వోచర్ ఒప్పుకుంటారో లేదో ముందే అకౌంట్స్ సెక్షన్‌లో అడగండి.

నాలుగో అడుగు: డెల్టా క్యాలెండర్ మీద ప్లాన్ వేయడం

చాలామంది ప్రాజెక్టు ప్లాన్‌ని పన్నెండు సమాన నెలలుగా గీస్తారు. గోదావరి డెల్టాలో అలాంటి ఏడాది లేదు.

జూన్‌లో కాలువలకు నీళ్లు వదులుతారు, సార్వా (తొలకరి వరి) నాట్ల హడావుడి మొదలవుతుంది. జూలై నుంచి సెప్టెంబర్ వరకు వరద భయం. కాజ్‌వేలు మునిగితే కొన్ని లంకలకు పడవ తప్ప దారి ఉండదు. అక్టోబర్, నవంబర్‌లలో తుఫాన్లు. 1996 నవంబర్ తుఫాను కోనసీమలో పెద్దవాళ్లెవరూ మర్చిపోలేదు. నవంబర్, డిసెంబర్‌లలో సార్వా కోతలు, అప్పుడు పొలం మనిషి మీకు గంట కేటాయించలేడు. సంక్రాంతికి ఊరు నిండుతుంది, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, ఇంటి నిండా చుట్టాలు, ఒంటరిగా మాట్లాడే చోటుండదు. ఆ తర్వాత ఫిబ్రవరి, మార్చి నెలలు మీవి. దాళ్వా (రెండో పంట వరి) చేను పొలంలో ఉంటుంది, ఎండలు ముదరవు, మధ్యాహ్నం మూడింటికి ఆడవాళ్లకు కాస్త తీరిక ఉంటుంది. ఏప్రిల్‌లో దాళ్వా కోతలు, ఆ తర్వాత కాలువలు కట్టేస్తారు. మేలో ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత మాత్రమే పని.

రొయ్యల చెరువుల ఊళ్లలో లెక్క వేరు. పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మే) రోజున రైతు దగ్గరికి వెళ్లడం దండగ. రేటు పడిపోయిన వారంలో అడిగిన జవాబూ, రేటు బాగున్న వారంలో అడిగిన జవాబూ ఒకటి కావు. అందుకే ప్రతి ఇంటర్వ్యూ ఫారం మీద తేదీతో పాటు ఆ వారం ఊళ్లో ఏం జరుగుతోందో ఒక గడి పెట్టండి: కోతలు, వరద హెచ్చరిక, పండగ, పట్టుబడి, ఎన్నికలు. విశ్లేషణలో ఆ గడి ప్రాణం కాపాడుతుంది.

దీన్నిబట్టి రెండేళ్లను ఇలా పంచుకోవచ్చు. చేరిన మొదటి ఆరు నెలలు ప్రశ్నావళి తయారీ, ఎథిక్స్ అనుమతి, పైలట్ (కొద్దిమందితో ముందస్తు పరీక్ష). మొదటి ఫిబ్రవరి, మార్చిలో ప్రధాన సర్వే. వరద కాలంలో చిన్న బృందంతో రెండో కొలత, అదీ భద్రంగా వెళ్లగలిగిన ఊళ్లలోనే, లేదా ఫోన్‌లో. సార్వా కోతల కాలంలో విశ్లేషణ. రెండో ఫిబ్రవరిలో మిగిలిపోయిన ఇళ్లు, లోతైన ఇంటర్వ్యూలు. చివరి ఆరు నెలలు రాత, ఉద్యోగాల వేట.

ఐదో అడుగు: ఎథిక్స్ అనుమతి, ఊరి అనుమతి

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎమ్మార్) 2017లో విడుదల చేసిన జాతీయ నైతిక మార్గదర్శకాలు మీకు ఆధారం. అర్థమయ్యే తెలుగులో సమ్మతి పత్రం ఉండాలి. చదవలేనివాళ్లకు చదివి వినిపించి, వేలిముద్రతో పాటు మీ బృందానికి చెందని సాక్షి సంతకం తీసుకోవాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతితో పాటు, ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లల దగ్గర నోటిమాటగా, ఆపై పద్దెనిమిది లోపు వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అంగీకారం కావాలి. తల్లి గల్ఫ్‌లో ఉంటే అమ్మమ్మ సంతకం సరిపోతుందా అన్నది యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీనే అడిగి లిఖితపూర్వకంగా జవాబు తీసుకోండి.

సర్పంచ్, గ్రామ సచివాలయం, ఆశా కార్యకర్త, వీళ్లకు ముందే చెప్పకుండా ఊళ్లోకి వెళ్లొద్దు. అయితే సర్పంచ్ గారు "మా వాళ్లంతా చెప్తారులెండి" అన్నంత మాత్రాన ఎవరి సమ్మతీ వచ్చినట్టు కాదు. ప్రతి మనిషినీ విడిగా అడగాలి, వద్దంటే నవ్వుతూ లేవాలి.

డెల్టాలో మరో చిక్కుంది. చేతిలో ఫారాలతో వచ్చినవాళ్లు ఎవరైనా ప్రభుత్వం మనుషులే అనుకుంటారు. వరద తర్వాత అయితే "నష్టపరిహారం రాసుకుంటున్నారా అండి?" అన్నదే మొదటి ప్రశ్న. సాయం వస్తుందేమో అన్న ఆశతో బాధ ఎక్కువ చేసి చెప్పినా, పేరు తీసేస్తారేమో అన్న భయంతో తక్కువ చేసి చెప్పినా మీ డేటా పాడైపోతుంది. అంతకంటే ముఖ్యం, ఆశపెట్టి వదిలేసినట్టవుతుంది. అందుకే సమ్మతి పత్రంలో మొదటి వాక్యం ఇదే ఉండాలి: "మేం యూనివర్సిటీ నుంచి వచ్చాం. ఇందులో చెప్పినదాని వల్ల మీకు పథకం రాదు, ఉన్న పథకం పోదు." చదివాక, వాళ్లకు ఏం అర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పమనండి. సరిగ్గా చెప్పేదాకా ఇంటర్వ్యూ మొదలుపెట్టకండి.

ప్రశ్నల్లో చనిపోవాలనే ఆలోచన గురించి ఉంటే (పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ ప్రశ్నావళిలో తొమ్మిదోది అదే), అవునన్నవాళ్ల విషయంలో ఏం చేయాలో ముందే రాసి ఉండాలి. సర్వేయర్ ఎవరికి ఫోన్ చేయాలి, ఎన్ని నిమిషాల్లో, ఏ ఆస్పత్రికి, ఎవరు తోడు వెళ్తారు, అన్నీ ఒక కార్డు మీద ఉండాలి. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ ఉచిత హెల్ప్‌లైన్ 14416 నంబరును ప్రతి ఇంట్లోనూ ఇచ్చి రండి, ఆ ప్రశ్నకు కాదన్నవాళ్లకు కూడా. ఈ ఏర్పాటు చేయలేకపోతే ఆ ప్రశ్న అడిగే హక్కు మనకు లేదు.

ఆరో అడుగు: కొలిచే సాధనం

ఇక్కడ తొందరపడితే తర్వాతిదంతా వృథా. కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను.

పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల ప్రశ్నావళి డిప్రెషన్ లక్షణాలను 0 నుంచి 27 వరకు కొలుస్తుంది. 10, ఆపైన వస్తే నిపుణుడు చూడాలి అన్నది సాధారణ గీత. జీఏడీ-7 ఆందోళనను 0 నుంచి 21 వరకు కొలుస్తుంది. రెండూ ఉచితం, తెలుగు రూపాలూ ఉన్నాయి. కానీ తెలుగులో ఉంది కదా అని లంక ఊళ్లో నేరుగా వాడేయకూడదు. ఇద్దరు విడివిడిగా తెలుగు చేసి, మూడోవాళ్లు అసలు చూడకుండా తిరిగి ఇంగ్లీషు చేసి, తేడాలను కూర్చుని తేల్చడం అనే పద్ధతి అందరికీ తెలిసిందే. ఆ తర్వాత ఒక పని మిగిలి ఉంటుంది, చాలామంది అది చేయరు: ఊళ్లో ఓ పదిమంది దగ్గర కూర్చుని, ఒక్కో ప్రశ్న చదివి, "ఇది విన్నాక మీకు ఏం తోచింది?" అని అడగడం.

అలా అడిగితే బయటపడే అసలు ఇబ్బంది ప్రశ్నల్లో కంటే జవాబుల్లోనే ఉంటుంది. ఈ ప్రశ్నావళులు "గత రెండు వారాల్లో" అంటాయి. జవాబులు: అసలు లేదు, కొన్ని రోజులు, సగం రోజుల కంటే ఎక్కువ, దాదాపు ప్రతిరోజూ. అరవై ఏళ్ల కూలి మనిషికి ఇవి నాలుగు గడులుగా కనిపించవు. "నిద్ర పట్టదమ్మా, మొన్నా పట్టలేదు" అంటుంది. మీరు మళ్లీ అదే చదువుతారు, ఆవిడ మళ్లీ అదే చెప్తుంది. చివరికి సర్వేయర్ తనకు తోచిన గడిలో టిక్ పెడతాడు. అక్కడితో మీ కొలత సర్వేయర్ అభిప్రాయం అయిపోయింది.

దీనికి నాకు బాగా పనికొచ్చిన పద్ధతి చింతగింజలు. పద్నాలుగు గింజలు ఆవిడ ముందు వరసగా పెట్టండి. "ఇది నిన్న, ఇది మొన్న, ఇక్కడ సంత, ఇది పోయిన ఆదివారం" అని రోజులను గుర్తులతో చెప్పండి. "నిద్ర పట్టని రోజులన్నీ ఇటు జరపండమ్మా" అనండి. ఆవిడ ఒక్కో గింజ పట్టుకుని ఆలోచిస్తుంది: ఆ రోజు మనవరాలికి జ్వరం, ఆ రోజు వాన. జరిపేస్తుంది. మీరు లెక్కపెట్టి ఫారంలో అంకె వేయండి, గడి వేయకండి. ఎన్ని గింజలకు ఏ గడి అనే నియమం ముందే రాసి ఉండాలి, ముఖ్యంగా సరిగ్గా ఏడొస్తే ఎటు వేయాలో. ఇలా అడిగారని పేపర్‌లో స్పష్టంగా రాయండి. మామూలుగా నింపించిన ఫారాలతో మీ సగటును నేరుగా పోల్చకూడదు కూడా. పైలట్‌లో సగం మందిని మామూలుగా, సగం మందిని గింజలతో అడిగి రెండింటి తేడా చూపిస్తే, అదొక్కటే చిన్న పేపర్ అవుతుంది.

కోనసీమ మర్యాద మరో జాగ్రత్త అడుగుతుంది. మీరు చెప్తున్నంతసేపూ అవతలివాళ్లు "ఆయ్, ఆయ్" అంటారు. వింటున్నామని గౌరవంగా చెప్పడం అది, అవునని జవాబు కాదు. దాన్ని అవునుగా రాసే సర్వేయర్ చేతిలో ఊరంతా ఆందోళనలో ఉన్నట్టు తేలుతుంది. కొన్ని ప్రశ్నలను తిరగేసి అడిగితే ("బాగా నిద్రపట్టిన రోజులు") ఈ తేడా పట్టుబడుతుంది.

ఏడో అడుగు: ఎంతమంది కావాలి, ముందే ఏం రాసిపెట్టాలి

రెండు గుంపుల సగటుల మధ్య ఓ మోస్తరు తేడా (తేడా ఎంత పెద్దదో చెప్పే కోహెన్ డి అనే అంకె 0.5) పట్టుకోవడానికి, లేని తేడాను ఉందనుకునే అవకాశం 5 శాతంగా, ఉన్న తేడాను పట్టుకునే అవకాశం (పవర్) 80 శాతంగా పెట్టుకుంటే, గుంపుకు 64 మంది చొప్పున 128 మంది కావాలి. తేడా చిన్నదైతే (0.2) గుంపుకు 394 మంది. జీ-పవర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మీరే చూసుకోవచ్చు.

ఈ లెక్క మనుషులంతా విడివిడిగా దొరికినప్పటిది. ఒకే లంకలో ఇరవై మందిని అడిగితే వాళ్లందరూ ఒకే వరద చూశారు, ఒకే గట్టు మీద పడుకున్నారు. వాళ్ల జవాబులు కాస్త ఒకేలా ఉంటాయి. ఊరికి 20 మంది, ఒకే ఊరివాళ్ల జవాబులు ఎంత ఒకేలా ఉంటాయో చెప్పే అంకె 0.05 అనుకుంటే, సంఖ్యను 1.95తో (1 + 19 × 0.05) గుణించాలి. 128 కాస్తా 250 అవుతుంది. ఊరికి తక్కువమందిని తీసుకుని ఎక్కువ ఊళ్లు తిరగడం మంచిది. పెట్రోలు ఖర్చు పెరుగుతుంది, అయినా సరే.

డేటా సేకరించకముందే మీ ఊహ, నమూనా సంఖ్య, విశ్లేషణ పద్ధతి రాసి ఓఎస్ఎఫ్ (ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్) వెబ్‌సైట్‌లో తేదీతో నమోదు చేయండి. 2015లో వంద సైకాలజీ అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, 36 శాతం వాటిలో మాత్రమే గణాంకపరంగా నిలబడే ఫలితం మళ్లీ వచ్చింది. ఆ దెబ్బ తర్వాత మన రంగంలో నమ్మకం సంపాదించుకోవడానికి ఇది చిన్న ఖర్చు. మధ్యలో మార్చాల్సి వస్తే మార్చండి, ఎందుకు మార్చారో రాయండి.

ఎనిమిదో అడుగు: ఊళ్లో

సర్వేయర్లలో ఆడవాళ్లు తప్పక ఉండాలి. వీలైతే అదే మండలం వాళ్లు, కానీ అదే ఊరు వాళ్లు వద్దు. ఊరి పిల్ల ముందు మనసులో మాట చెప్పరు, సాయంత్రానికల్లా చెరువు గట్టు దాకా వెళ్తుందని తెలుసు.

అరుగు మీద కూర్చోగానే పక్కింటివాళ్లు చేరతారు. కోడలిని అడిగితే అత్తగారు జవాబు చెప్తుంది: "దానికేం బాధండీ, బాగానే ఉంది." అత్తగారిని లేచి వెళ్లమనలేం, అనకూడదు కూడా. ఇద్దరు సర్వేయర్లు వెళ్లండి. రెండోవాళ్ల దగ్గర ఇంటి వివరాల ఫారం ఉంటుంది: ఎకరాలు, కొబ్బరి చెట్లు, 1986 వరదలో నీళ్లు ఎంతవరకు వచ్చాయి, ఏ ఏడాది ఏం పోయింది. "అమ్మగారూ, ఇవి మీకే బాగా తెలుస్తాయి, కాస్త ఇటు కూర్చుని చెప్తారా?" అంటే ఆవిడ ఆనందంగా వస్తుంది. ఆ వివరాలు నిజంగానే మీకు అవసరం. ఈలోగా కోడలితో పెరట్లో మాట్లాడవచ్చు. అప్పటికీ ఎవరైనా వినేలా ఉంటే ఫారం మీద "ఏకాంతం లేదు" అని రాసి, సున్నితమైన ప్రశ్నలు వదిలేయండి.

రోజుకు ఒక్కో సర్వేయర్‌కి ఐదు ఇంటర్వ్యూలు మించితే నాణ్యత పడిపోతుంది. రాత్రి బసకు చేరగానే ఫారాలన్నీ తిరగేయండి. ఖాళీ గడులు, అన్నీ ఒకేలా టిక్ పెట్టిన పేజీలు ఆ రాత్రే కనిపించాలి, తర్వాత ఆ మనిషి దొరకడు. ట్యాబ్‌లో నింపుతుంటే సిగ్నల్ లేని లంకల్లో పనిచేసే యాప్ పెట్టుకోండి, కాగితం ఫారాలు కూడా ప్లాస్టిక్ కవర్లో ఉండాలి. పేర్లు, ఫోన్ నంబర్లు ఒక ఫైల్‌లో, జవాబులు ఇంకో ఫైల్‌లో, మధ్యలో కోడ్ నంబరు మాత్రమే.

కొట్టుకుపోయిన పశువుల గురించి, అప్పు కోసం తాకట్టు పెట్టిన పుస్తెల గురించి రోజంతా విన్న సర్వేయర్ పిల్లలు కూడా అలసిపోతారు. రాత్రి భోజనం తర్వాత అరగంట కూర్చుని ఎవరికి ఏ ఇల్లు బరువుగా అనిపించిందో మాట్లాడుకోండి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, ఓపిక కావాలి.

తొమ్మిదో అడుగు: విశ్లేషణ, రాత, డిపార్ట్‌మెంట్ రాజకీయం

ఆర్, జాస్ప్, జమోవి అనే గణాంక సాఫ్ట్‌వేర్లు మూడూ ఉచితమే. ఏది వాడినా, ముడి డేటా నుంచి చివరి పట్టిక దాకా చేసిన ప్రతి మార్పూ కోడ్‌లో ఉండాలి, చేత్తో గడులు మార్చకూడదు.

తేడా ఏమీ రాలేదనుకోండి. ముందే నమోదు చేసిన ప్రశ్నకు, సరిపడా నమూనాతో వచ్చిన "తేడా లేదు" అనేది కూడా ఫలితమే. అలాగే రాయండి.

రచయితల విషయంలో ఎవరు ఏం చేశారో పద్నాలుగు పాత్రలుగా చెప్పే క్రెడిట్ అనే జాబితా ఉంది: ఆలోచన, డేటా సేకరణ, విశ్లేషణ, రాత, నిధులు, పర్యవేక్షణ ఇలా. ఆ పట్టికను పేపర్ మొదలుపెట్టిన రోజే మెంటర్‌తో కూర్చుని నింపండి. పేరు కోసం పేరు పెట్టమని ఎవరైనా అడిగితే, ఈ పట్టిక మీ తరఫున మాట్లాడుతుంది.

నమ్మదగ్గ పత్రికలేవో చెప్పే యూజీసీ కేర్ జాబితా 2025లో ఆగిపోయింది కాబట్టి పత్రిక మంచిదో కాదో మీరే చూసుకోవాలి. వారంలో అచ్చువేస్తామని, డబ్బు పంపమని మెయిల్ పెట్టే పత్రికల జోలికి వెళ్లకండి. సంపాదక వర్గంలో ఉన్నవాళ్లు నిజంగా ఉన్నారా, పాత సంచికల పేపర్లు చదవదగ్గవేనా అని చూస్తే గంటలో తెలిసిపోతుంది.

డిపార్ట్‌మెంట్‌లో పోస్ట్‌డాక్ టైమ్‌ని తినేసేవి మూడు: న్యాక్ (యూనివర్సిటీకి గ్రేడ్ ఇచ్చే సంస్థ) తనిఖీ ఫైళ్లు, పరీక్షల డ్యూటీలు, "ఈ ఒక్క క్లాసూ చూసుకో అమ్మా" అనే మాట. పూర్తిగా కాదనలేం. క్లాసు చెప్పిన అనుభవం ఉద్యోగానికి పనికొస్తుంది, ఎంఏ విద్యార్థుల డిసర్టేషన్లు చూస్తే మీకూ చేతిసాయం దొరుకుతుంది. కానీ వారంలో రెండు పూర్తి రోజులు రాతకే అని చేరిన నెలలోనే చెప్పి, టైమ్‌టేబుల్ మీ గది తలుపు మీద అంటించండి. నేను చూసిన మంచి పోస్ట్‌డాక్‌లందరూ ఇది చేసినవాళ్లే.

పదో అడుగు: తర్వాతి ఉద్యోగం

పన్నెండో నెల నుంచే మొదలుపెట్టండి. యూజీసీ 2018 నిబంధనల్లో యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుల షార్ట్‌లిస్ట్ మార్కుల పట్టికలో బోధన లేదా పోస్ట్‌డాక్ అనుభవానికి ఏడాదికి 2 మార్కుల చొప్పున గరిష్ఠంగా 10 ఉన్నాయి. పేపర్లకు మార్కులు విడిగా ఉంటాయి. కాబట్టి చేరిన తేదీ, ముగిసిన తేదీ, పూర్తికాలం అనే మాట ఉన్న సర్టిఫికెట్ రిజిస్ట్రార్ సంతకంతో తీసుకోండి, మెంటర్ ఉత్తరం ఒక్కటే చాలదు. యూజీసీ నెట్ పరీక్ష పాసై ఉండకపోతే ఈలోగా రాసేయండి.

ఇంటి నుంచి వచ్చే ఒత్తిడి గురించీ ఒక మాట. "ఇంకా చదువేనా?" అని మేనమామ అడిగితే ఫెలోషిప్ లెటర్ చూపించి, ఇది జీతమున్న పని అని, ఎప్పుడు ముగుస్తుందో తేదీతో చెప్పండి. తేదీ వింటే పెద్దవాళ్లకు నెమ్మది కలుగుతుంది. అయినా టెన్షన్ నిద్రను తినేస్తుంటే మనం ఊళ్లలో ఇచ్చి వచ్చిన ఆ 14416 నంబరు మనకు కూడా పనిచేస్తుంది.

చివరి నెల

సమ్మతి పత్రాలు ఎవరి దగ్గర, ఏ బీరువాలో, ఎన్నేళ్లు ఉంటాయో రాసి మెంటర్ సంతకం తీసుకోండి. పేర్లు తీసేసిన డేటా, ఏ అంకెకు ఏ అర్థమో చెప్పే పట్టిక, కోడ్, ముగ్గురు కొత్తవాళ్లకు అర్థమయ్యేలా సర్ది పెట్టండి. ఊరి పేరు కూడా మనిషిని పట్టించగలదు, చిన్న లంకల పేర్లు తీసేయండి. పేర్ల ఫైల్‌ని కమిటీకి చెప్పిన గడువుకు చెరిపేయండి.

ఆ తర్వాత ఒక పేజీ తెలుగులో రాయండి: ఏం అడిగాం, ఎంతమంది చెప్పారు, ఏం తేలింది, వరద హెచ్చరిక వచ్చినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లకూ పిల్లలకూ ఏం చేస్తే ఆందోళన తగ్గుతుందని కనిపించింది. దాన్ని పట్టుకుని ప్రతి ఊరికీ మళ్లీ వెళ్లండి. ఆశా కార్యకర్తల నెలవారీ సమావేశంలో చదివి వినిపించండి, సచివాలయం గోడకు ఒక కాపీ అంటించండి, ఏఎన్ఎం చేతికి ఒకటి ఇవ్వండి. అడిగినవాళ్లకు మీ కొత్త ఆఫీసు అడ్రసు ఇవ్వండి. వచ్చే జూలైలో మొదటి హెచ్చరిక వచ్చినప్పుడు ఆ ఏఎన్ఎం నుంచి ఫోన్ వస్తే ఎత్తండి. ఏ ఇంటికి ముందు వెళ్లాలో ఆవిడ అడుగుతుంది, మీ డేటాలో దానికి జవాబుంటుంది.